మౌస్, స్కానర్ పోయి వస్తున్నాయా? ఫార్మాట్ కొట్టే ముందు టైము రాసుకోండి

నవంబరు వస్తే శ్రీకాకుళం ఆన్‌లైన్ సెంటర్లకు పెన్షనర్ల రాక మొదలవుతుంది. పెన్షనర్ బతికే ఉన్నారని తెలిపే జీవన్ ప్రమాణ్ సర్టిఫికెట్ కోసం సెంటర్లలో సాధారణంగా వేలిముద్ర తీసుకుంటారు. ఒక పెద్దావిడ కొంగుతో వేలు తుడుచుకుని స్కానర్ గాజు మీద పెడుతుంది. లైటు వెలుగుతుంది, సగంలోనే ఆరిపోతుంది. కంప్యూటర్ టుంగుమంటుంది. రెండు సెకన్లు తిరక్కుండా మళ్లీ టుంగుమంటుంది, లైటు మళ్లీ వెలుగుతుంది. తెర మీద మాత్రం స్కానర్ దొరకలేదన్న మెసేజ్ అలాగే ఉండిపోతుంది. "ఏటి బాబూ, నా ఏలు పడనేదా?" అని ఆవిడ అడుగుతుంది. కౌంటర్‌లో కుర్రాడు గట్టిగా నొక్కమంటాడు, తడి చేసుకోమంటాడు, ఇంకో వేలు పెట్టమంటాడు. నాలుగోసారి కూడా పడకపోతే, వయసైపోయి వేళ్లు అరిగిపోయాయనుకుని ఆవిడ ఇంటికి వెళ్లిపోతుంది.

అరిగిన వేళ్లతో ఇబ్బంది ఉన్న మాట నిజమే. కానీ వేలు సరిగ్గా పడకపోతే మళ్లీ పెట్టమని అడగాలి తప్ప స్కానరే మాయమైపోకూడదు. టుంగుమన్న ఆ రెండు చప్పుళ్ల అర్థం వేరు. కంప్యూటర్ దృష్టిలో ఎవరో స్కానర్‌ను పీకి మళ్లీ గుచ్చారు. ఎవరూ ముట్టుకోకపోయినా దానికి అలాగే అనిపించింది. మౌస్, కీబోర్డు, బార్‌కోడ్ రీడర్, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్, వెబ్ కెమెరా, యూఎస్‌బీ పోర్టుకు గుచ్చేది ఏది పోయి వస్తున్నా జరిగేది ఇదే.

ఈ ఫిర్యాదుతో సిస్టమ్‌ను షాపుకు తీసుకెళ్తే ఎక్కువగా వినిపించే మాట "ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ వేసేద్దాం" అని. దాంతో ఒక రోజు పని ఆగుతుంది. ప్రింటర్ డ్రైవర్లు, వేలిముద్ర స్కానర్‌ను ఆధార్‌కు కలిపే ఆర్‌డీ సర్వీస్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అన్నీ మళ్లీ ఎక్కించాలి. బ్యాకప్ తీయకపోతే పాత బిల్లులు పోతాయి. ఇంత చేశాక మూడో రోజు మౌస్ మళ్లీ కట్ అవుతుంది. తీగలో ఉన్న లోపం విండోస్ మారిస్తే పోదు కదా. ఇలాంటి కేసుల్లో ముందు చూడాల్సినవి కేబుల్, సాకెట్, కరెంటు. సెట్టింగులు ఆ తర్వాత. ఫార్మాట్ దాదాపుగా ఎప్పుడూ అవసరం పడదు.

అసలు ఒక పరికరం గుచ్చారని కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుందో చూస్తే ఈ మాటకు కారణం అర్థమవుతుంది. 1996లో మొదటి ప్రమాణం వచ్చిన నాటి నుంచి యూఎస్‌బీ 2.0 వరకు కేబుల్‌లో ప్రధానంగా నాలుగు తీగలే ఉంటాయి. రెండు కరెంటుకు, రెండు డేటాకు. కంప్యూటర్ వైపు రెండు డేటా తీగలూ 15 కిలోఓమ్‌ల రెసిస్టర్లతో కింద సున్నా దగ్గర ఉంటాయి. పరికరం గుచ్చగానే దానిలోని 1.5 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఒక డేటా తీగను పైకి, 3.3 వోల్టుల వైపుకు లాగుతుంది. కంప్యూటర్‌కు అదే హాజరు. మౌస్, కీబోర్డు లాంటి తక్కువ వేగం పరికరాల్లో ఆ తీగ కిందికి జారి సుమారు రెండున్నర మైక్రోసెకన్లు అలాగే ఉంటే చాలు, పరికరం పోయిందని లెక్క. అంటే సెకనులో నాలుగు లక్షలవ వంతు. పిన్ను ఒక్కసారి అదిరినా, 5 వోల్టుల కరెంటు క్షణం కుంగినా హాజరు తప్పినట్టే.

తీగ మళ్లీ పైకి లేస్తే కంప్యూటర్ కథ మొదటి నుంచి మొదలుపెడుతుంది. సెకనులో పదో వంతు ఆగి చూస్తుంది, పరికరాన్ని రీసెట్ చేస్తుంది, కొత్త నంబరు ఇస్తుంది, నువ్వెవరు, ఎంత కరెంటు కావాలి అని అడుగుతుంది, డ్రైవర్‌ను జత చేస్తుంది. మనకు వినిపించే రెండో టుంగు అదే. మౌస్‌కైతే ఇది పెద్ద సమస్య కాదు, బాణం ఒక క్షణం ఆగి కదులుతుంది. వేలిముద్ర సాఫ్ట్‌వేర్‌కు, కాటాకు కలిపిన బిల్లింగ్ ప్రోగ్రాముకు అలా కుదరదు. అవి పాత కనెక్షన్‌నే పట్టుకుని కూర్చుంటాయి. పరికరం తిరిగొచ్చి సిద్ధంగా ఉన్నా, ప్రోగ్రాము మూసి తెరిస్తే గానీ వాటికి తెలియదు. పెద్దావిడ ముందు లైటు వెలుగుతున్నా స్కానర్ లేదన్న మెసేజ్ కదలకపోవడానికి కారణం ఇదే.

టైము చెప్పే సంగతి

"ఎప్పుడు పడితే అప్పుడు పోతోంది" అనే మాటను అలాగే నమ్మకూడదు. ఎప్పుడు పోతోందో రాసుకోనంత వరకే అది ఎప్పుడు పడితే అప్పుడు. ఒక్క రోజు టైములు రాసి చూస్తే ఏదో ఒక వరుస బయటపడుతుంది. పక్క దుకాణంలో మోటారు వేసినప్పుడా, కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారినప్పుడా, కాసేపు ముట్టుకోకుండా వదిలేశాకా, పెన్ డ్రైవ్ గుచ్చినప్పుడా, టేబుల్ కదిలినప్పుడా, ఈ ప్రశ్నలకు జవాబు ఆ కాగితంలోనే ఉంటుంది. ఈ సమస్యకు దీన్ని మించిన పనిముట్టు లేదు, ఖర్చు కూడా లేదు.

కౌంటర్‌లో జనం ఉండగా చేత్తో రాయడం కష్టమైతే కంప్యూటరే రాసి పెడుతుంది. విండోస్‌లో యూఎస్‌బీలాగ్‌వ్యూ అనే చిన్న ఉచిత ప్రోగ్రామును తెరిచి ఉంచితే, ఏ పరికరం ఏ క్షణంలో పోయింది, ఏ క్షణంలో వచ్చింది అన్నది పేరుతో సహా వరుసగా పడుతుంది. దాని పక్కన ఒక కాగితం పెట్టుకుని కరెంటు పోయిన టైము, ఏసీ వేసిన టైము రాస్తే సాయంత్రానికి రెండూ పోల్చి చూడొచ్చు. లినక్స్ వాడేవారికి డీమెసేజ్ కమాండ్ ఇంకా ఎక్కువ చెబుతుంది. డివైస్ డిస్క్రిప్టర్ చదవలేకపోయాం, ఎర్రర్ మైనస్ 71 అని పడితే తీగ మీద డేటా చెడిపోతోందని, మైనస్ 110 అని పడితే పరికరం టైముకు జవాబివ్వలేదని అర్థం. ఓవర్ కరెంట్ అని పడితే పోర్టు తట్టుకోలేనంత కరెంటు ఏదో లాగుతోంది. బయటి విద్యుత్ అలజడి వల్ల హబ్బు (ఒక పోర్టును పలు పోర్టులుగా పంచే భాగం) పోర్టును ఆపేసిందేమో అని అనుమానంగా, ప్రశ్నార్థకంతో సహా చెప్పే మెసేజ్ కూడా లినక్స్ కెర్నెల్‌లో ఒకటుంది. అది కనిపిస్తే ఎర్తింగు వైపు చూడాలి.

టైముతో పాటు చూడాల్సింది, ఏవేవి కలిసి పోతున్నాయి అన్నది. స్కానర్ ఒక్కటే పోయి మౌస్ బాగానే ఉంటే లోపం స్కానర్‌లోనో, దాని కేబుల్‌లోనో, ఆ ఒక్క సాకెట్‌లోనో ఉంది. ఒకే హబ్బుకు ఉన్నవన్నీ ఒకేసారి పోతే హబ్బును, దాని తీగను అనుమానించాలి. ముందు, వెనక ఉన్న పోర్టులన్నీ ఒకేసారి పోయి వస్తే మదర్‌బోర్డు, ఎస్‌ఎమ్‌పీఎస్ (క్యాబినెట్ లోపల కరెంటు అందించే పెట్టె), గోడ నుంచి వచ్చే కరెంటు, వీటిలో ఒకటి. ఈ ఒక్క గమనికతోనే సగం వెతుకులాట తగ్గిపోతుంది.

తర్వాత మార్పిడి పరీక్ష. కేబుల్ మార్చి చూడాలి, పోర్టు మార్చి చూడాలి, పరికరాన్ని ఇంకో కంప్యూటర్‌కు పెట్టి చూడాలి. కానీ ఒకసారికి ఒక్కటే మార్చాలి. కంగారులో కేబుల్, పోర్టు, డ్రైవర్ మూడూ ఒకేసారి మార్చేస్తే సమస్య పోయినా ఏది మార్చడం వల్ల పోయిందో తెలియదు. నెల తర్వాత అదే తిరిగొస్తే మళ్లీ మొదటికే వస్తుంది వ్యవహారం.

కేబులు లెక్క

కేబుల్ మీద సన్నటి అక్షరాలు అచ్చు వేసి ఉంటాయి. ఫోను టార్చి వేసి చూస్తే 28ఏడబ్ల్యూజీ/1పి, 24ఏడబ్ల్యూజీ/2సి అని కనిపించొచ్చు. మొదటిది డేటా తీగల జత మందం, రెండోది కరెంటు తీగల మందం. ఏడబ్ల్యూజీ అంకె పెరిగే కొద్దీ తీగ సన్నబడుతుంది. చవక కేబుళ్లలో రెండు చోట్లా 28 అనే ఉంటుంది. కొన్నింటి మీద అసలేమీ ఉండదు.

28 నంబరు రాగి తీగకు మీటరుకు సుమారు 0.21 ఓమ్‌ల నిరోధం. కేబుల్ రెండు మీటర్లు ఉంటే, వెళ్లేందుకు రెండు, తిరిగొచ్చేందుకు రెండు, మొత్తం నాలుగు మీటర్ల తీగ. అంటే సుమారు 0.85 ఓమ్‌లు. పరికరం 500 మిల్లీఆంపియర్లు లాగితే ఆ తీగలోనే 0.4 వోల్టులకు పైగా ఆవిరైపోతాయి. పోర్టు దగ్గర వోల్టేజి 5 ఉంటే స్కానర్‌కు చేరేది 4.6 లోపు. పోర్టే 4.75 ఇస్తుంటే, ప్రమాణం ప్రకారం అది తప్పు కాదు గానీ, చేరేది 4.3 చిల్లర. యూఎస్‌బీ 2.0 ప్రమాణంలో 4.4 వోల్టుల కన్నా తగ్గితే పరికరం పనిచేస్తుందన్న హామీ లేదు. అదే కేబుల్‌లో కరెంటు తీగలు 24 నంబరువి అయితే పోయేది 0.17 వోల్టులే.

ఇప్పుడు పెద్దావిడ వేలు దగ్గరికి మళ్లీ వద్దాం. లైటుతో చదివే స్కానర్ ఖాళీగా ఉన్నంతసేపు పెద్దగా కరెంటు లాగదు. వేలు పెట్టాక లోపలి లైట్లు, కెమెరా ఒక్కసారిగా పనిలోకి దిగుతాయి. కరెంటు పెరిగేది సరిగ్గా అప్పుడే, సన్నటి తీగలో వోల్టేజి కుంగేదీ అప్పుడే. అందుకే వేలు పెట్టనంత వరకు అంతా బాగున్నట్టు కనిపించి, పెట్టగానే పోతుంది. టైము రాసుకుంటే ఈ సంగతి మొదటి గంటలోనే తెలిసిపోయేది. పొట్టి, మందపాటి కేబుల్‌తో కంప్యూటర్ వెనక పోర్టుకు నేరుగా పెడితే ఇలాంటి కేసులు చాలావరకు అక్కడితో ముగిసిపోతాయి. స్కానర్‌కు కేబుల్ విడదీయకుండా అతికి ఉంటే కనీసం మధ్యలోని ఎక్స్‌టెన్షన్‌ను తీసేయాలి. కౌంటర్ అద్దం అవతలికి స్కానర్ అందాలని రెండు ఎక్స్‌టెన్షన్లు ముడేసి వాడడం సెంటర్లలో తరచూ కనిపిస్తుంది. యూఎస్‌బీ 2.0కు మామూలు కేబుల్ పొడవు పరిమితి 5 మీటర్లు. ఆ పరిమితికి లోబడే ఉన్నా, ప్రతి అతుకూ ఒక లూజు పిన్నుకు అవకాశం.

కేబుల్ లోపల తీగ తెగిందా అన్నది చేత్తోనే తెలుస్తుంది. పరికరం పనిచేస్తుండగా ప్లగ్గు మెడ దగ్గర కేబుల్‌ను నెమ్మదిగా అటూ ఇటూ వంచాలి. తర్వాత పరికరం వైపు చివర కూడా అలాగే. ఏ వంపుకు టుంగుమంటుందో అక్కడే తెగింది. టేపు చుడితే రెండు రోజులు ఆగుతుంది తప్ప బాగుపడదు. మార్చడమే మేలు.

హబ్బుల విషయంలో ఒక లెక్క అందరికీ తెలియాలి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు, 3.0 పోర్టు ఇచ్చేది 900. అడాప్టర్ లేని నాలుగు పోర్టుల 2.0 హబ్బు ఆ 500లో కొంత తాను తీసుకుని ఒక్కో పోర్టుకు 100 చొప్పున మాత్రమే ఇవ్వాలని ప్రమాణం చెబుతోంది. అలాంటి హబ్బుకు మౌస్, కీబోర్డు పెట్టుకోవచ్చు. వేలిముద్ర స్కానర్, వెబ్ కెమెరా, హార్డ్ డిస్క్ కలిపి పెడితే అది మోయలేదు. వాటికి సొంత అడాప్టర్ ఉన్న హబ్బు కావాలి, లేదా నేరుగా కంప్యూటర్‌కే పెట్టాలి. ఇందులో మధ్యేమార్గం లేదు.

క్యాబినెట్ ముందు భాగంలోని పోర్టులు చేతికి అందుతాయని అందరూ వాటినే వాడతారు. అవి మదర్‌బోర్డు మీద ఉండవు, లోపల ఒక సన్నటి కేబుల్ ద్వారా బోర్డుకు కలుస్తాయి. వెనక పోర్టులు బోర్డుకే అతికి ఉంటాయి కాబట్టి వాటి మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోవచ్చు. పైగా మామూలు టైప్-ఏ సాకెట్‌కు కనీస ఆయుష్షు 1500 సార్లు గుచ్చి తీయడం. రోజుకు పదిసార్లు కస్టమర్ల పెన్ డ్రైవ్‌లు పెట్టే జిరాక్స్ షాపులో ఆ లెక్క అయిదు నెలల్లో పూర్తవుతుంది. అక్కడ పోర్టు వదులైపోవడంలో వింతేమీ లేదు. పెన్ డ్రైవ్‌లకు ఒక పోర్టును, వీలైతే ఒక చిన్న ఎక్స్‌టెన్షన్‌ను కేటాయించి, అరిగితే దాన్నే మార్చుకోవడం తెలివైన పని.

ఉప్పుగాలి, ఎర్తింగు, ఇన్వర్టరు

శ్రీకాకుళం జిల్లాకు పొడవాటి సముద్ర తీరం ఉంది. కళింగపట్నం, భావనపాడు, బారువ వైపు ఇళ్లలో కిటికీ ఊచలు ఎంత త్వరగా తుప్పు పడతాయో అక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. నౌపడ ఉప్పుమడుల పక్క ఊళ్లలో గాలే ఉప్పగా ఉంటుంది. యూఎస్‌బీ పిన్నుల మీద బంగారు పూత ఉన్నా చవక రకాల్లో అది మరీ పల్చన. గుచ్చి తీస్తూ ఉంటే పూత అరుగుతుంది, కింది లోహం మీద ఉప్పు, తేమ కలిసి పొర కడతాయి. ప్లగ్గును వెలుతురులో పట్టుకుని లోపలికి చూస్తే మెరవాల్సిన పిన్ను మీద నల్లటి మచ్చ, లేదా పచ్చటి పొడి కనిపిస్తుంది. వర్షాకాలంలో ఎక్కువగా పోయి, ఎండల్లో కాస్త నయంగా ఉందంటే అనుమానం ఇటే వెళ్లాలి.

దీనికి మందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు పీకి, మెత్తటి బ్రష్షుకు కొద్దిగా అద్ది పిన్నులు తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. ఎలక్ట్రానిక్ షాపుల్లో దొరికే కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కూడా పనికొస్తుంది. గరుకు కాగితంతో రుద్దితే మిగిలిన పూత కూడా పోతుంది. గుండుసూదితో గీకితే పిన్ను వంగుతుంది. ఈ రెండూ చేయకూడదు.

ఇక ఎర్తింగు. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే, ఎందుకంటే ఇది మౌస్‌తో ఆగే విషయం కాదు, మనిషి ప్రాణంతో ముడిపడింది. కంప్యూటర్ క్యాబినెట్‌ను చెప్పుల్లేకుండా ముట్టుకుంటే జిల్లుమంటోందా? ఎస్‌ఎమ్‌పీఎస్‌లోని ఫిల్టర్ కెపాసిటర్లు కొద్దిపాటి కరెంటును ఎర్తులోకి పంపాలి. ఎర్తు లేకపోతే ఆ కరెంటుకు దారి దొరక్క క్యాబినెట్ 230 వోల్టుల్లో సగం దగ్గర తేలుతూ ఉంటుంది. ఆ జిల్లు దానిదే. ఎస్‌ఎమ్‌పీఎస్ పాడై పూర్తి ఫేజు క్యాబినెట్‌లోకి వస్తే అప్పుడది జిల్లుతో ఆగదు. మూడు పిన్నుల ప్లగ్గుకు రెండు పిన్నుల కన్వర్టర్ తగిలించడం, పై లావు పిన్నును విరగ్గొట్టడం, సాకెట్‌లో ఎర్తు రంధ్రం ఉన్నా దానికి తీగ ఇవ్వకపోవడం, ఇవన్నీ మన ఊళ్లలో మామూలైపోయాయి. మామూలైపోకూడదు.

మౌస్ పోయి రావడానికి దీనికి సంబంధమేమిటంటే, డేటా తీగల చుట్టూ ఉండే లోహపు జాలి బయటి అలజడిని ఎర్తులోకి పంపేస్తుందన్న నమ్మకంతోనే ఆ కేబుల్‌ను తయారు చేశారు. ఎర్తే లేనప్పుడు ఆ అలజడి జాలిలోనే తిరుగుతుంది. పక్కన మోటారు ఆన్ అయినా, ఫ్రిజ్ కంప్రెసర్ తిరిగినా, పాత ట్యూబులైటు మినుకుమన్నా డేటా తీగలో ఒక ముల్లు లాంటి దెబ్బ తగులుతుంది. గ్యాస్ సిలిండర్ ఉన్న ఆఫీసు కుర్చీలోంచి లేచినప్పుడు పుట్టే స్థిర విద్యుత్తుకే మానిటర్లు ఒక క్షణం ఆరిపోయిన సందర్భాలు ఉన్నాయి. కొన్ని కేబుళ్ల చివర నల్లటి గుండ్రటి ఉబ్బు ఉంటుంది, ఫెరైట్ అంటారు. అది ఇలాంటి ముళ్లను కొంత మింగేస్తుంది. అందుకే ఆ ఉబ్బు ఉన్న కేబుల్ తీసేసి ఉత్త కేబుల్ పెట్టాక సమస్య మొదలయ్యే అవకాశం ఉంది.

పలాస, కాశీబుగ్గల జీడిపప్పు వ్యాపారంలో ఎలక్ట్రానిక్ కాటాను కంప్యూటర్‌కు కలిపి బిల్లు వేసే చోట ఇది ఇంకా చిక్కుపడుతుంది. కాటా ఒక సాకెట్‌లో, కంప్యూటర్ ఇంకో సాకెట్‌లో. ఒకదానికి ఎర్తు ఉంటుంది, రెండోదానికి ఉండదు. రెండింటినీ కలిపే సీరియల్-యూఎస్‌బీ కన్వర్టర్ తీగే అప్పుడు ఎర్తు తీగలా మారి, క్యాబినెట్‌లో తేలే కరెంటు దానిలోంచి పారుతుంది. బస్తా తూచే వేళకు కాటా పోతుంది. తిరిగొచ్చాక కూడా బిల్లింగ్ ప్రోగ్రాము బరువు చూపించదు. ఆ కంగారులో కన్వర్టర్‌ను ఇంకో పోర్టులో గుచ్చితే చాలా రకాల కన్వర్టర్లకు విండోస్ ఇచ్చే కామ్ పోర్టు నంబరు మారిపోతుంది, ప్రోగ్రాము పాత నంబరు కోసమే వెతుకుతుంది. రెండింటినీ సరైన ఎర్తు ఉన్న ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టడం, కన్వర్టర్‌ను ఒకే పోర్టులో ఉంచి ఆ పోర్టుకు చిన్న స్టిక్కర్ అంటించడం, అప్పటికీ తగ్గకపోతే రెండు వైపుల కరెంటును వేరు చేసే యూఎస్‌బీ ఐసోలేటర్ అనే చిన్న పెట్టెను మధ్యలో వేయడం, ఈ వరుసలో ప్రయత్నించాలి.

ఎర్తు ఉందో లేదో ఎలక్ట్రీషియన్ మల్టీమీటర్‌తో రెండు నిమిషాల్లో చెబుతాడు. ఫేజుకు, ఎర్తుకు మధ్య 230కి దగ్గరగా, న్యూట్రల్‌కు, ఎర్తుకు మధ్య రెండు మూడు వోల్టుల లోపు ఉంటే ఫర్వాలేదు. తీరంలోని ఇసుక నేలల్లో నీరు నిలవదు కాబట్టి ఎర్తు గొయ్యి వేసవిలో ఎండిపోతుంది. బొగ్గు, ఉప్పు వేసిన పాత గోతులకు ఎండల్లో నీళ్లు పోస్తూ ఉండాలి.

కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే క్షణంలోనే అన్నీ ఒకేసారి టుంగుమంటుంటే కారణం అక్కడే ఉంది. మంచి ఎస్‌ఎమ్‌పీఎస్ కరెంటు లేకుండా సుమారు 16 మిల్లీసెకన్లు నెట్టుకురాగలదు. లోపలి కెపాసిటర్లు ముసలివైతే ఆ ఓపిక తగ్గుతుంది. చాలా ఇన్వర్టర్ల వెనక యూపీఎస్ మోడ్, ఎకో మోడ్ అని ఒక స్విచ్ ఉంటుంది. ఎకోలో ఉంటే మారడానికి ఎక్కువ సమయం పడుతుంది. కంప్యూటర్ ఉన్న చోట యూపీఎస్ మోడ్‌లోనే ఉంచాలి. అప్పటికీ పోతుంటే ఎస్‌ఎమ్‌పీఎస్ మార్చే వయసు వచ్చిందని అర్థం. దాని 5 వోల్టుల లైను 4.75కు, 5.25కు మధ్య ఉండాలి.

సెట్టింగుల వంతు

పరికరం కాసేపు వాడకుండా వదిలేశాకే పోతోందని మీ కాగితం చెబుతుంటే, అప్పుడు మాత్రం సెట్టింగులే ముందు చూడాలి. కరెంటు ఆదా కోసం విండోస్ ఖాళీగా ఉన్న యూఎస్‌బీ పరికరాలను నిద్రపుచ్చుతుంది. కొన్ని పరికరాలు ఆ నిద్రలోంచి సరిగ్గా లేవవు. డివైస్ మేనేజర్‌లో యూనివర్సల్ సీరియల్ బస్ కంట్రోలర్స్ కింద ఉన్న ప్రతి యూఎస్‌బీ రూట్ హబ్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో ఈ పరికరాన్ని ఆపే అనుమతి ఇచ్చే టిక్కు తీసేయాలి. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ అన్నది డిసేబుల్ చేయాలి. టేబుల్ మీద కంప్యూటర్‌కు దీనివల్ల నష్టమేమీ ఉండదు. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ కాస్త త్వరగా అవుతుంది, అంతే.

వైర్‌లెస్ మౌస్ కథ వేరు. టుంగు వినిపించకుండా బాణం మాత్రం ఎగిరెగిరి కదులుతుంటే, ఆగుతుంటే, ముందు బ్యాటరీ చూడాలి. అది కాకపోతే, మౌస్ డాంగిల్ పక్క పోర్టులో నీలం రంగు 3.0 హార్డ్ డిస్క్ ఏదైనా ఉందా అని చూడాలి. యూఎస్‌బీ 3.0 డేటా పారేటప్పుడు వెలువడే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలోకీ వస్తుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. వైర్‌లెస్ మౌస్, బ్లూటూత్ రెండూ మాట్లాడుకునేది ఆ పట్టీలోనే. డాంగిల్‌ను ఒక చిన్న ఎక్స్‌టెన్షన్‌తో అడుగు దూరం జరిపితే సరిపోతుంది.

బోర్డు తయారీదారు తప్పు అసలే ఉండదనుకోవడం కూడా సరికాదు. 2021 ఫిబ్రవరిలో 500 సిరీస్ చిప్‌సెట్ బోర్డుల మీద యూఎస్‌బీ మధ్యమధ్యలో తెగిపోతోందన్న ఫిర్యాదులను ఏఎండీ బహిరంగంగా అంగీకరించి, తర్వాత బయాస్ (బోర్డులోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌తో సరిచేసింది. ఆ కాలపు ఏఎండీ రైజెన్ ప్రాసెసర్ సిస్టమ్ వాడుతూ బయాస్ ఎప్పుడూ అప్‌డేట్ చేయకపోతే ఆ పని చేయించాలి. బయాస్ ఎక్కుతుండగా కరెంటు పోతే బోర్డే పోతుంది కాబట్టి యూపీఎస్ లేకుండా దాని జోలికి వెళ్లకూడదు.

ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పోయి వస్తుంటే మాత్రం పైన చెప్పిన పరీక్షలేవీ దాని మీద చేయకూడదు. రాస్తున్న మధ్యలో తెగిన ప్రతిసారీ ఫైళ్లు చెడిపోయే ప్రమాదం ఉంది. పెళ్లి ఫొటోలు, ఏళ్ల నాటి లెక్కలు అందులోనే ఉంటే కాపీ చేద్దామని పదిసార్లు గుచ్చి చూడకుండా, ముందు పొట్టి కొత్త కేబుల్‌తో వెనక పోర్టుకు పెట్టాలి. ఒక్కసారి నిలకడగా వచ్చిందంటే ముఖ్యమైనవి ముందుగా ఇంకో డిస్కులోకి తీసేయాలి. లోపల టిక్కుటిక్కుమంటుంటే అది కేబుల్ సంగతి కాదు, డిస్క్ సంగతి. వెంటనే ఆపేసి డేటా రికవరీ చేసేవారికి ఇవ్వాలి.

ఇన్ని చూశాక కూడా పోతుంటే సిస్టమ్ షాపుకు వెళ్లాల్సిందే. వెళ్లేటప్పుడు క్యాబినెట్ ఒక్కటే పట్టుకెళ్తే పని జరగదు. షాపులో వాళ్ల మౌస్, వాళ్ల కేబుల్, ఎర్తు ఉన్న వాళ్ల సాకెట్ వాడి చూస్తారు, రోజంతా బాగానే పనిచేస్తుంది, లోపమేమీ లేదంటారు, లేదా ఫార్మాట్ కొడతారు. పోయే పరికరం, దాని కేబుల్, హబ్బు, ఎక్స్‌టెన్షన్ అన్నీ అలాగే సంచిలో వేసుకుని, టైములు రాసిన కాగితాన్ని కూడా తీసుకెళ్లి మెకానిక్ ముందు పెట్టాలి. షాపులో ఆ సరంజామాతో ఒక్కసారి కూడా పోకపోతే మెకానిక్‌ను వదిలేసి, ఇంటి సాకెట్ దగ్గరికి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.